బిగించిన వల

మా డిగ్రీ పుస్తకంలో పురుగుల్ని తినే ఆ బుల్లి పాటపిట్టలన్నీ ఒకే కుటుంబం. పీహెచ్‌డీలో చేరాక తెలిసింది, దాన్ని శాస్త్రవేత్తలు ఎప్పుడో విడగొట్టేశారని, ఇంకా విడగొడుతూనే ఉన్నారని. కుట్టుపిట్టలు ఒకవైపు, ఆకుల్లో తిరిగేవి ఇంకోవైపు, జమ్ములో తిరిగేవి మరోవైపు. వాళ్ళు మార్చినప్పుడల్లా థీసిస్‌లో రాసిందే రాసి నాకు విసుగు కూడా పోయింది, నీరసమే మిగిలింది.

జమ్ములో తిరిగే గోధుమరంగు పిట్టల ఈక ఒక్కటే నాకు దొరకలేదు. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, కంటితో తేల్చలేం. పట్టుకుని, చిన్న ఈక తీసి వదిలేస్తే మిగతాది లేబొరేటరీ చూసుకుంటుంది. పిట్టల్ని పట్టడానికి అటవీశాఖ ఇచ్చిన అనుమతి ఆ రోజుతో ఆఖరు. గడువు పొడిగించి పొడిగించి అలిసిపోయిన మా గైడు, ఈసారి ఈక లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దేనన్నాడు. పట్టా లేకపోతే కాలేజీలో నా కాంట్రాక్టు ఉద్యోగమూ ఉండదు.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ముందురోజు సాయంత్రం ఒక గేదె, పిట్టల కోసం నేను కట్టిన వలలోంచి దర్జాగా నడుచుకుపోయింది. మా మేనమామ ఎల్లాజీ ఆ చింపులు చూశాడు.

"దీనికేటి ఏడుపే ఝాన్సీ. తెల్లారేతలికి నాను అల్లీసి తెస్తాను" అని ఇంటికి పట్టుకుపోయాడు.

సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. వల అల్లడంలో ఆయన తర్వాతే ఎవరైనా అని రేవులో చెప్పుకుంటారు. నేను నిశ్చింతగా పడుకున్నాను.

పొద్దెక్కితే సముద్రపు గాలి లేస్తుంది, ఊగే వలని చూసి పిట్టలు తప్పుకుంటాయి. అందుకని చీకటుండగానే నౌపడ ఉప్పుమళ్ళ వెనక జమ్ములో గెడలు పాతి వల కట్టాం. వెలుగొచ్చాక ఒక పిట్ట వచ్చి వలకి తగిలి, బంతిలా వెనక్కి తుళ్ళి పోయింది. తర్వాతదీ అంతే. లేచి వెళ్ళి వల ముట్టుకున్నాను. కొత్త నవారు మంచంలా బిగుసుకుని ఉంది.

"మావా, ఇదేటి ఇలగ బిగించీసినావు?"

"మరంతా ఏలాడిపోతన్నాది కదే. అలాటి వల ఎవుడైనా సూస్తే నవ్వుతాడు. వరస వరసా లాగి కట్టినాను. కళ్ళు మండిపోనాయనుకో."

నాకు కోపం నెత్తికెక్కింది.

"ఆ వదులు సంచిలాగ జారితేనే పిట్ట అందులో పడతాది మావా. నా సదువంతా గంగలో కలిపీసినావు."

ఆయన మొహం మాడిపోయింది. అన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది, అలాగని ఆయన మీద కోపమూ పోలేదు. మావ వల దింపి, గట్టు మీద చతికిలబడి, తను వేసిన ముడుల్నే పళ్ళతో విప్పడం మొదలుపెట్టాడు. మత్స్యకారుడి ముడి అంత తేలిగ్గా ఊడదు. సగం విప్పేసరికి ఎండ చురుక్కుమంది, జమ్ములో కూతలు ఆగిపోయాయి, గాలి లేచింది.

"పై ఏడు మళ్ళీ వస్తాయి కదే ఇయ్యి?" అన్నాడు తలెత్తకుండా.

"అయ్యి వస్తాయి మావా. నన్నే రానివ్వరు."

ఆయన చేతులు ఆగాయి. కాసేపటికి మళ్ళీ ముడి వెతుక్కున్నాయి.

"ఇంక సాల్లే మావా. లెగు, ఇంటికెలిపోదాం."

"నా తప్పు నన్ను ఇప్పుకోనీయే" అన్నాడు.

నేను పక్కన కూర్చుని వల రెండో కొస అందుకున్నాను.