లేని ఉద్యోగంలో ఇంక్రిమెంటు

పొరపాట్లు అందరూ చేస్తారు. కానీ ఊడిపోయిన ఉద్యోగంలో తనకు తానే జీతం పెంచుకున్న మనిషిని మీరు చూసి ఉండరు. సూది ఆ ఘనకార్యం కూడా చేశాడు.

సూది అతని అసలు పేరు కాదు. బట్టల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లు కుట్టు మిషన్లు బాగుచేశాడు. మనిషి సన్నగా, చురుగ్గా ఉంటాడని అక్కడి వాళ్లు పెట్టిన పేరు అది. భార్యతో విడిపోయి మూడేళ్లయింది. పదేళ్ల కూతురు చిట్టి తల్లి దగ్గరే ఉంటుంది. పిల్ల పోషణకి జీతంలో మూడో వంతు ఇవ్వాలని కోర్టు చెప్పినప్పుడు, చిట్టి వాళ్లమ్మ లేచి నిలబడి, ఈయన చేతికొస్తే ఆ డబ్బు నాకు చేరదండీ, ఆఫీసులోనే కోసి పంపించమనండి అంది. ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. ఆ రోజుల్లో సూది జేబులో డబ్బు నాలుగు రోజులు నిలిచేది కాదు. అయినా ఆ మాట గుచ్చుకున్న చోటే ఉండిపోయింది. కోర్టు ఆవిడ అడిగినట్టే రాసింది. అప్పట్నించీ ప్రతి నెలా ఆఖరి రోజున ఫ్యాక్టరీ పేరు మీద ఆవిడ ఖాతాలో డబ్బు పడేది.

ఎనిమిది నెలల క్రితం ఫ్యాక్టరీ మూసేశారు. అందరి చేతుల్లో ఇంత సెటిల్‌మెంటు సొమ్ము పెట్టి దండం పెట్టేశారు. తన కేసు చూసిన లాయరమ్మ దగ్గరికి వెళ్తే, ఆవిడ చిలక్కి చెప్పినట్టు చెప్పింది: ఉద్యోగం పోయిందని అర్జీ పెట్టుకుంటే కొత్త సంపాదనను బట్టి తగ్గిస్తారు, పెట్టనంత కాలం పాత మొత్తమే నెత్తిన పడుతుంది. సూది బుద్ధిగా తలూపి బయటికొచ్చాడు. అర్జీ పెడితే చిట్టి వాళ్లమ్మకి నోటీసు వెళ్తుంది. నేను అనుకున్నంతా అయింది అని ఆవిడ అనుకుంటుంది. దానికి మాత్రం అతను సిద్ధంగా లేడు.

ఆ నెలాఖరున బ్యాంకుకి వెళ్లాడు. నగదు కట్టే కాగితంలో పంపినవారు అన్నచోట ఫ్యాక్టరీ పేరు రాసి, పాత మొత్తం చిల్లరతో సహా కట్టి వచ్చాడు. తన చేత్తో కట్టగలనని రుజువు చేసుకోవాలనుకున్నవాడు, ఆ చెయ్యి ఆవిడకి కనపడకుండా దాచుకున్నాడన్నమాట. తెలివి తెల్లారినట్టే ఉంది. వేసవిలో ఫ్యాక్టరీ ఏటా ఇంక్రిమెంటు వేసేది, దాంతోపాటు కోతా పెరిగేది. ఈసారి పెరక్కపోతే అనుమానం వస్తుందని భయపడి, కూర్చుని లెక్కగట్టి, తనకి తానే ఇంక్రిమెంటు వేసుకుని ఆ మేరకు ఎక్కువ కట్టాడు.

సొంత పని అంటే ఎవడి మాటా పడక్కర్లేదని అంతా ఊరించారు. నిజమే, తిట్టేవాడు లేడు. పొమ్మనేవాడూ లేకపోవడంతో ఏ పూట ఇంటికెళ్లాలో తెలిసేది కాదు. పనిముట్ల సంచీ భుజాన వేసుకుని టైలర్ దుకాణాలన్నీ తిరిగేవాడు. ఒకరోజు నాలుగు మిషన్లు దొరికేవి, తర్వాత వారం రోజులు ఒక్కటీ ఉండేది కాదు. ఫోను మోగకపోతే మోగలేదని, మోగితే ఎవరు చేశారోనని దడ. ఒక దుకాణం వెనక గదిలో ఉండేవాడు. ఆ టైలరు అద్దె బదులు మిషన్లు చూసిపెట్టమన్నాడు. కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటయ్యా, కూర్చుంటే కుర్చీ కరుస్తుందా అని వేళాకోళం చేసేవాడు. సూది నవ్వేసి మళ్లీ ఫోను చూసుకునేవాడు. సెటిల్‌మెంటు సొమ్ము ఇంకొక్క నెలకి సరిపోతుంది.

ఒక ఆదివారం చిట్టి పార్కులో ఎగిరి గంతేసి చెప్పింది. నాన్నకి జీతం పెరిగిందని అమ్మ చెప్పిందట. అందుకే తనని ఏడాది పాటు ఈత కోచింగ్‌లో చేర్చిందట. ఆ జీతం పెంచిందెవరో సూదికి ఒక్కడికే తెలుసు. పైకి మాత్రం భలే భలే అన్నాడు.

మర్నాడే చిట్టి వాళ్లమ్మ ఫోన్ చేసింది. ఆవిడ పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది, మాట పొదుపు. కోచింగ్ ఫీజు వాయిదాల్లో కట్టాలంటే తండ్రి జీతం సర్టిఫికెట్టు అడుగుతున్నారు, శుక్రవారం లోపల తెచ్చివ్వు అంది. జామీను సంతకం తను పెడతానంది.

సర్టిఫికెట్టు చేయడం సూదికి చిటికెలో పని. ఫ్యాక్టరీ పేరు అచ్చువేసిన కాగితాల కట్ట అతని సంచీలోనే ఉంది, వాటి వెనక పక్కన బిల్లులు రాసిస్తున్నాడు. మూడు రోజులు ఆ కట్ట తీశాడు, లోపల పెట్టాడు. గదిలోంచి వీధిలోకి, వీధిలోంచి గదిలోకి తిరిగాడు. గురువారం మధ్యాహ్నం రాయడం మొదలుపెట్టి సగంలో ఆగాడు. జామీను అంటే ఏమిటో అప్పుడు తట్టింది. తను కట్టలేకపోతే కోచింగ్ వాళ్లు ఆవిడ జీతం కోస్తారు. కాగితం నాలుగు ముక్కలు చేసి, సంచీ కూడా తీసుకోకుండా ఆవిడ ఇంటికి బయల్దేరాడు.

గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పేశాడు.  అయ్యాక ఆవిడ ఒక్కటే అడిగింది.

"ఇంక్రిమెంటు కూడా నువ్వే వేసుకున్నావా?"

తలూపాడు. నవ్వుతుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. రెండూ జరగలేదు.

"ఉద్యోగం పోయిందని అప్పుడే చెప్పుంటే నేనసలు ఈ కోచింగ్ జోలికే పోయేదాన్ని కాదు కదా. దాన్ని నీళ్లలోకి దింపి, ఇప్పుడు బయటికి లాగాలి." గుమ్మంలోంచి పక్కకి తప్పుకుంది. "అర్జీ పెట్టుకో, నేను అడ్డు చెప్పను. కానీ చిట్టికి నువ్వే చెప్పు. నా వల్ల కాదు."

చిట్టి లోపలి గదిలో మంచం మీద బోర్లా పడుకుని గాల్లో చేతులు ఆడిస్తూ ఈత సాధన చేస్తోంది. సూది పక్కన నిలబడి, ఫ్యాక్టరీ మూసేశారని, ఎప్పుడో మూసేశారని, ఇప్పుడు తను దుకాణాలు తిరిగి మిషన్లు బాగుచేస్తున్నానని చెప్పాడు. ఈత ఇప్పటికి ఆపాలమ్మా అన్నాడు. చిట్టి చేతులు ఆగిపోయాయి. లేచి దుప్పటి అంచు లాగుతూ కూర్చుంది. ఏడుస్తుందని, అలుగుతుందని, ఎందుకు అబద్ధం చెప్పావని అడుగుతుందని అతను గుమ్మం నుంచి మంచం దాకా వచ్చేలోపే అన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకున్నాడు.

"మరి డబ్బంతా మాకే పంపేస్తే నువ్వేం తింటున్నావు నాన్నా?"

ఈ ఎనిమిది నెలల్లో ఆ మాట ఎవరూ అడగలేదు. బాగానే తింటున్నానమ్మా అనబోయాడు. చెప్పాల్సిన అబద్ధాలన్నీ అయిపోయినట్టున్నాయి.

"ఒక పూట తింటున్నా, చిట్టీ" అన్నాడు.

తలుపు దగ్గర నిలబడ్డ చిట్టి వాళ్లమ్మ ముఖం పక్కకి తిప్పుకుంది.