మెర్సీ ప్రాసెసరుకి నా సిఫార్సు

మా పెద్దమ్మాయి మెర్సీ ఆ మధ్యాహ్నం అన్నం తింటూ ఫోను చూసి, కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచిపోయింది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"ఏటయిందే?"

"ఏటీ లేదమ్మా. మళ్ళీ తిప్పీసినారు. ఇది మూడోసారి."

విశాఖపట్నంలో ఒక కంపెనీకి మెర్సీ నెల్లిమర్లలో మా ఇంట్లోంచే పని చేస్తుంది. ఆ కంపెనీ కొత్త ప్రాసెసరు ఒకటి చేసిందట. ఎవరైనా ఉచితంగా వాడుకునే ఆపరేటింగ్ సిస్టం దాని మీద నడిచేలా రాయడం మెర్సీ పని. నేను ఎనిమిదో తరగతితో ఆపేసినదాన్ని. నాకు తెలిసేలా ఒకసారి చెప్పింది: "నాన్న మిల్లులో కొత్త మగ్గం దించితే, ఏ స్విచ్చు ఎక్కడున్నాదో, ఏది ముందు నొక్కాలో పనోళ్ళకి సెప్పాల కదా. అదేనమ్మా." రాసింది ఒక గుంపుకి మెయిల్లో పంపాలి. అందులో ఒక పెద్దాయన, ఎక్కడో నార్వేలో ఉంటాడట, చూసి సరే అంటేనే తీసుకుంటారు.

"ఏటన్నాడు ఆయన?"

"ప్రాసెసరు నిద్రలోకెళ్తే ఒక్కోసారి మళ్ళీ లెగట్లేదు. కాసేపు ఆగి లేపమని రాసీసినాను, లెగుస్తంది. ఎందుకు ఆగాలో నీకే తెలీదు, తెలిసాక పంపు అన్నాడు."

"అందరి ముందరా?"

"అక్కడ అంతా అందరి ముందరే. ఎవులైనా సదూకోవచ్చు."

గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. పేపర్లో చదివిన ఆత్మహత్యలన్నీ నాకు ఒక్కసారే గుర్తొచ్చాయి. తలుపు తోసి చూశాను. గోడవైపు తిరిగి పడుకుంది.

మెర్సీ ఫోను వంటింట్లో ఛార్జింగులో ఉంది. దాని తాళం నాకు తెలుసు. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే తెలుగులో అదే రాసుకుంటుందని మా చిన్నది గ్లోరీ నేర్పింది. ఆ పెద్దాయన మెయిలు కిందే నొక్కి మాట్లాడాను: "అయ్యా, నేను మెర్సీ తల్లిని. తండ్రి లేని పిల్ల. తిండి మానేసి మీ పని చేస్తున్నది. తప్పులుంటే పెద్ద మనసుతో క్షమించి ఈసారికి పాస్ చెయ్యండి. దేవుడు మిమ్మల్ని దీవిస్తాడు." పిల్లల కోసం హెడ్మాస్టారి దగ్గరకి వెళ్ళి మాట్లాడినట్టే అనుకున్నాను. పంపాక ప్రాణం తేలికపడింది కూడా.

ఒక్కాయనకే అనుకున్నాను. గుంపంతటికీ వెళ్ళింది.

సాయంత్రం మెర్సీ ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. అరిచినా బాగుండును.

"నాన్న లేడని సెప్పి అడుక్కున్నావా అమ్మా?" అంది మెల్లగా. "రేపు ఆయన తీసుకున్నా, బాగుండి తీసుకున్నాడో, జాలేసి తీసుకున్నాడో నాకెలగ తెలుస్తాది?"

"తీసెయ్యలేవేటే?"

"ఎవులూ తియ్యలేరు. అలగే ఉండిపోతాది."

భయంతో మా తమ్ముడు జాన్‌కి ఫోన్ చేశాను. వాడు పగలబడి నవ్వాడు. "ఇంకా నయం అప్పా, ఆయన నంబరు దొరికితే కేజీ జీడిపప్పు పంపిస్తానని కూడా అందువు! ఫోను ఎవడో హ్యాక్ సేసీసినాడని రాసీమను, గొడవొదిలిపోద్ది."

నాకది దేవుడు చూపించిన దారిలాగే తోచింది. "అలగే రాసీవే తల్లీ, నీ కాళ్ళట్టుకుంటాను" అన్నాను. అబద్ధమాడకూడదని గుడిలో చిన్నపిల్లలకి ఆదివారం పాఠాలు చెప్పేది నేనే. మెర్సీ ఆ మాట ఎత్తకుండా కూర్చుని జవాబు రాయడం మొదలుపెట్టింది. నేను స్టవ్ తుడుస్తూ ఉండిపోయాను.

తను రాసింది నాకు తెలుగులో చదివి వినిపించి మరీ పంపింది: "అది మా అమ్మ నాకు తెలియకుండా పంపింది. దయచేసి దాన్ని లెక్కలోకి తీసుకోకండి. మీరు చూపిన తప్పు నిజమే."

మర్నాడు జవాబొచ్చింది. చదువుతూ మెర్సీ నవ్వింది.

"ఏటన్నాడే?"

"నీ తెలుగుని కంప్యూటరు సేత ఇంగ్లీషులోకి మార్పించుకుని సదివినాడట. మీ అమ్మగారికి నమస్కారాలు, ఆవిడ అడిగింది మాత్రం సెయ్యలేను, నాలుగోసారి కూడా ఇంత గట్టిగానే సూస్తాను అన్నాడు."

కాదన్నందుకు ఇది నవ్వడమేమిటో నాకు అంతుపట్టలేదు. బియ్యం ఏరుతుంటే తెలిసింది. నేను పాడుచేసినదాన్ని ఆ ముక్కూమొహం తెలియని మనిషి బాగుచేసి ఇచ్చాడు. అప్పుడు మరీ సిగ్గేసింది.

తర్వాత ఆ పని ఊసు నేనెత్తలేదు. టీ గ్లాసు బల్ల మీద పెట్టి వచ్చేసేదాన్ని.

ఒకరోజు వీధి కొళాయి దగ్గర గ్లోరీ బిందె ఎత్తుతూ, "అక్కది ఒప్పీసుకున్నారు కదా, బిర్యానీ ఎప్పుడమ్మా?" అంది.

"ఎప్పుడొప్పుకున్నారు?"

"సోమారం. నీకు సెప్పలేదేటి?" అని నాలిక కరుచుకుంది.

ఇంట్లోకెళ్ళి మెర్సీ ఎదురుగా నిలబడ్డాను. అదే తల దించుకుంది.

"సెప్దామనే అనుకున్నానమ్మా. సెప్తే ఆదివారం గుడిలో లేచి, దేవుడు సేసిన మేలని అందరికీ సాక్ష్యం సెప్పీస్తావు. తండ్రి లేని పిల్లని దేవుడు..." ఆగిపోయింది.

"నానెందుకు సెప్తానే" అన్నాను.

కొళాయి నుంచి గుమ్మం దాకా వచ్చే లోపలే నేను ఆ సాక్ష్యం కూర్చుకున్నాను. తండ్రి లేని నా బిడ్డని అన్యదేశస్థులు మూడుసార్లు తోసివేసినా, అంటూ మొదలుపెట్టాను మనసులో. అవే మాటలు.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలున్నవాళ్ళు నిలబడండి అన్నారు పాస్టరుగారు. పక్కనున్న కుమారి మోచేత్తో పొడిచింది. "నీకేటీ లేదేటి సుందరీ ఈ వారం?"

లేదని తలూపాను. వెనక వరసలోంచి మెర్సీ చూస్తూ ఉంటుందని తెలుసు. తిరిగి చూడ్డానికి మొహం చెల్లలేదు.