రెండో చరణం

మా చర్చి ఉత్తరపు గోడ ఈ ఆదివారం వెచ్చగా ఉంది. అరచేయి ఆనిస్తే జ్వరం వచ్చిన పిల్ల వీపులా ఉంది.

సంఘస్థులు తొందరగానే అలవాటు పడతారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు వెళ్ళి గోడకు ఆనుకుని కూర్చుంటారు. ఇది ఉజ్జీవపు వేడి అని పాస్టర్ యెహోషువ గారు మైకులో చెబుతారు. అందరూ స్తోత్రం అంటారు. నేనూ అంటాను.

ఇవాళ ప్రేమ విందు. దీవెనమ్మత్త వంట పందిట్లోంచి డేగిశాలు మోయించుకొచ్చి గోడ పొడుగునా పెట్టిస్తుంది. ఆరాధన అయ్యేదాకా కూర చల్లారకూడదు.

"దేవుడు ఎంత మంచోడే హెప్సీ," అంటుంది నాతో. "గ్యాసు కూడా మిగిల్చాడు."

నేను ఆ గోడ పక్కనే, కొత్త మెత్తటి కుర్చీలో కూర్చుంటాను. ముసుగు సర్దుకుంటుంటే గోడలోంచి పాట వినిపిస్తుంది. మేము పాడుకునేదే. గొంతు మా అక్క కృపావతిది.

అక్కా బావా కొండల్లో ఒక ఊళ్ళో సేవ చేస్తున్నారు. అక్కడ ప్రార్థనలు పెట్టొద్దని కొందరు వచ్చి బెదిరించి వెళ్ళారు. వానలకు ముందు నుంచీ అక్క ఫోను మోగడం లేదు. మా సంఘం ప్రతి వారం వాళ్ళ కోసం ప్రార్థిస్తుంది, ప్రకటనలకూ కానుకకూ మధ్య.

నేను చెవి ఆనిస్తాను. గోడ పిండిలా కొంచెం లోపలికి నొక్కుకుంటుంది.

"అక్కా, ఏడున్నావు?"

"మందిరంలోనే. తలుపేసి నిప్పంటించారు. మూడు గోడలు కాలిపోయినయ్యి. నాలుగోది మీ చర్చి గోడే. కప్పు పాట మీద ఆగింది."

"బావ?"

"పక్కనే ఉన్నాడు. పాడతా ఉన్నాడుగా, మాట్టాడలేడు. హెప్సీ, మొదటి చరణమే తిప్పి తిప్పి పాడుతున్నాం. అరిగిపోతా ఉంది. రెండోది ఎవరికీ గుర్తు రావట్లా. అందియ్యి."

మా వైపు ఒకరు చరణం అందిస్తే మిగతావాళ్ళు అందుకుంటారు. అందించేవాళ్ళు లేకపోతే పాట అక్కడే ఆగిపోతుంది.

రెండో చరణం నాకు వచ్చు. పత్తి ఏరేటప్పుడు అక్కే నేర్పింది. గోడకు నోరానించి అందిస్తాను. మాటలు గోడలోకి కాస్త దూరి, సున్నం పెళ్ళల్లా నా పాదాల మీద రాలతాయి.

"ఆ పక్కనించి నిలవట్లా," అంటుంది అక్క. "అందిచ్చేవాళ్ళు కప్పు కింద ఉండాల."

నేను లేచి నిలబడి జరిగింది చెబుతాను. గోడ తీసేసి అందరం అందిద్దాం అంటాను. ఎవరూ ఆశ్చర్యపోరు. తలలన్నీ తెరవైపు తిరుగుతాయి. చరణాలు తెర మీద వేయడం మొదలైన దగ్గర్నుంచి మాలో ఎవరూ కంఠస్థం చేయడం లేదు. తెర మీద 'విందు తరువాత' అని వస్తుంది.

పాస్టర్ గారు దయగా ఆలోచిస్తారు. "గోడ తీస్తే వేడి పోద్ది గదా తల్లీ. వేడి పోతే వాళ్ళున్నట్టు మనకెట్టా తెలుస్తది?"

కొందరు ఆమెన్ అంటారు.

"మొన్ననేగా రంగేయించింది," అని వెనక నుంచి ఒకాయన గొణుగుతాడు.

గోడ ఇంకా వేడెక్కుతుంది. ఆనుకున్నవాళ్ళు వీపులు కాస్త ముందుకు జరుపుకుంటారు. పాట సన్నబడుతోంది. ఇప్పుడు ఒక్క పదమే మిగిలినట్టుంది, దాన్నే అందరూ పట్టుకుని లాగుతున్నారు.

నేను ఒక డేగిశాను పక్కకు జరుపుతాను. అది ఆనిన చోట గోడ గుండ్రంగా, ఎర్రగా మెత్తబడి ఉంది.

"ఏందే నువ్వు, కూర చల్లారిపోద్ది!" అంటుంది దీవెనమ్మత్త. నా ముఖం చూసి గొంతు తగ్గిస్తుంది. "రెండు ముద్దలు తిని పో. నువ్వొచ్చేసరికి ఏం మిగలదు."

"రావడం గురించి అక్క ఏం చెప్పలా అత్తా."

ఆమె తన మంచినీళ్ళ గ్లాసు నా ముసుగు మీద మెల్లగా ఒంపుతుంది, మూల మూలా తడిసేలా.

నేను వంగి గోడలోకి వెళతాను.

ఇక్కడ మంటలు లేవు. బూడిద నేల, చుట్టూ కొండలు. తల మీద రేకుల కప్పు ఉంది. దాని కింద స్తంభాలు లేవు. మనుషులు తలలెత్తి పాడుతుంటే కప్పు వాళ్ళ నోళ్ళకు జానెడు ఎత్తున వణుకుతోంది. బావ పాట ఆపకుండా కళ్ళతో నాకు చోటు చూపిస్తాడు. అది నా కొలతకు సరిపోతుంది.

రెండో చరణం అందిస్తాను. కప్పు వణుకు ఆగుతుంది.

అందుకోవడానికి అక్క నోరు తెరుస్తుంది. ఆ నోట్లో, నాలుక మీద, మా చర్చి ఉంది. కుర్చీలు బియ్యపు గింజలంత. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. మావాళ్ళు వరసగా కూర్చుని, తలలు వంచుకుని తింటున్నారు.

అక్క నోరు వీలైనంత పెద్దగా తెరిచి పాడుతుంది, పళ్ళు వాళ్ళకు తగలకుండా.