బాబాయి కాఫీలో చక్కెర వద్దు

ఒక్క పూట మింగకపోతే ఏమవుతుందిలే, ఇవాళ్టికి బుర్ర కాస్త చురుగ్గా ఉంటే చాలు, వంటగది గుమ్మం దగ్గర అరచేతిలో ఫిట్స్ మాత్ర పెట్టుకుని నిలబడ్డాను, లోపల కప్పుల చప్పుడు, బయట పొడవాటి బల్ల నిండా మనుషులు, ఈ పూట ఒకరిది ఒకరికి ఇవ్వకుండా నెట్టుకొస్తే మళ్లీ బల్లల దగ్గరే ఉంచుతానంది ఈ కాఫీ హోటలు నడిపే పెద్దక్క, లేదంటే వెనక కప్పులు కడగడమే, ఫిట్స్ వచ్చి ఇక్కడే పడిపోయినప్పటి నుంచి ఆ సింకే నా లోకం, రాసుకోవే తల్లీ అంటుంది, రాసుకుంటాను, ఎవరిదేదో మొహం చూసి చెప్పలేకపోతే ఆ చీటీ నెత్తిన పెట్టుకోనా, ఈ మతిమరుపంతా మాత్ర వల్లే అని డాక్టరమ్మ మీద ఎగిరితే, కొంత దానివల్లే కావచ్చు, మోతాదు సంగతి నేను చూస్తాగా, నువ్వు మాత్రం సొంత వైద్యం చెయ్యకు, కంటినిండా నిద్రపో, కొత్తదాన్ని నీకు బాగా తెలిసినదానితో ముడిపెట్టు అంది, నాకు బాగా తెలిసింది మా చుట్టాలే, ఒక్కపూట, ఒక్కపూటే, చెల్లి పెళ్లినాడూ ఇలాగే అనుకున్నాను, మాత్ర ఎగ్గొట్టాను, భోజనాల వేళకు పడిపోయాను, పొద్దుటి నుంచీ జరిగిందంతా బుర్రలోంచి ఊడ్చిపెట్టుకుపోయింది, నువ్వు చెవిలో ఏదో అన్నావక్కా, ఏడుపులో నవ్వొచ్చేసింది అని మురిసిపోతుంది చెల్లి, ఏమన్నానే అని నేనే దాన్ని అడగాల్సి వచ్చింది, ఎంత ఏడ్చానో ఆ రాత్రి.

గుటుక్కున మింగేశాను.

బల్ల చివర పొట్టాయన, అచ్చం మా బాబాయే, కాఫీ, చక్కెర వద్దు, బాబాయికి షుగరు మరి, పక్కన ముక్కు చిట్లించే ఆవిడ మా అత్త, టీ, పొగలు రావాలి, చల్లారితే ఊరుకునే రకమా, కళ్లద్దాల పిల్ల మా వదిన, పాలు, మీగడ కనపడితే పారిపోతుంది, ట్రే పట్టుకుని వచ్చేసరికి ఎవరు ఎవరో, అంతా తెల్లకాగితం, అయిపోయింది, సింకే గతి, అంతలో ఆ పొట్ట, ఇదిగో బాబాయ్ నీ కాఫీ, చక్కెర వెయ్యలేదులే, పైకే అనేశాను, నాలుక్కరుచుకున్నాను, తీరా చూస్తే ఆయన నాకంటే చిన్నవాడు, బల్లంతా గొల్లున నవ్వింది, ఆయన మీసం తడుముకుని, పక్కావిడను చూపిస్తూ, సరేనమ్మా, మరి మీ పిన్నికేం తెచ్చావు అన్నాడు, నా లెక్కలో ఆవిడ అత్త, అయినా టీ పొగలు కక్కుతూనే ఉంది, మీగడ లేని పాలు వదినకు, మిగతావాళ్లవీ అంతే, ఒక్కటీ తప్పలేదు, రేపూ ముందు బల్లలేనే అని గల్లాపెట్టె దగ్గర్నుంచి కేకేసింది పెద్దక్క.

ఎంత హాయిగా ఉందో, ఇంకా మాటలు జారిపోతాయి, తెలుసు, మొన్న సబ్బుకని వెళ్లి దువ్వెనతో వచ్చాను, పోనీ, వెతుక్కుంటాను, తట్టకపోతే అడుగుతాను, అందులో నామోషీ ఏముంది, ఈ మాత్ర నా జ్ఞాపకాన్ని తినేస్తోందనే అనుకున్నాను ఇన్నాళ్లూ, ఇవాళ్టి రోజును నాకు మిగిల్చింది అదే.