ఎర్రకళ్ల బోర్డు

చద్దన్నంలోకి ఉల్లిపాయ తరుక్కుందామని నూకరాజు గోడవార చెయ్యి చాచాడు. చేతికి వట్టి నేల తగిలింది. ఆ రైల్వే క్వార్టరులో ఇరవై తొమ్మిదేళ్లుగా కత్తిపీట ఉండే చోటు అదే, నీళ్లకుండ పక్కన. కుండ ఉంది, పీట లేదు.

"ఓలే, కత్తిపీటేదీ?"

అప్పలనర్సమ్మ పొయ్యి ఊదుతూనే చెప్పింది. "పక్కింటోళ్లు అట్టుకెళ్లినారు."

"తెల్లారకుండా ఏటి తరుగుతారంట?"

"నాకేటి తెలుసు మావా. పిడికిలితో సితక్కొట్టుకో. అదే రుసి."

నూకరాజు నవ్వి ఉల్లిపాయను గుమ్మం మీద పెట్టి ఒక్క గుద్దు గుద్దాడు. పొట్టి మనిషి. ఎడమ భుజం కంటే కుడి భుజం ఒక అంగుళం దిగి ఉంటుంది. గోళ్ల చుట్టూ పట్టిన ఇటుకరంగు ఏ సబ్బుకూ పోదు. కళ్లు మాత్రం, ఇప్పుడే ఎవరో కారం చల్లినట్టు, పొద్దునా సాయంత్రమూ ఒకేలా ఎర్రగా ఉంటాయి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా రైలుపెట్టెల పాత రంగు గీకి, ధూళి మింగి, కొత్త రంగు వేసే పెయింటు షాపులో ఎవరి కళ్లైనా అంతే.

సైరన్ మోగేసరికి అతను ఖరగ్‌పూర్ వర్క్‌షాపు గేటు దాటాడు.

అతని పని పెట్టెల మీద అంకెలూ అక్షరాలూ రాయడం. తెలుగు, హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు, ఏ భాషైనా కాగితం మీద రాసిస్తే చాలు, దారం కట్టి గీత కొట్టినట్టు దించేస్తాడు. చదవడం మాత్రం ఒక్క భాషలోనూ రాదు. అక్షరం అతనికి ఒక ఆకారం, అంతే. ఖరిదా బజారులో సర్కారు లైసెన్సుతో నడిచే గంజాయి కొట్టుకు బోర్డు రాసిందీ అతనే. ఏం రాశాడో ఆ రోజూ అడగలేదు. పని ముగిసే సైరన్ మోగాక ఆ కొట్టులో చిన్న పొట్లం కొనుక్కొని, పూరీ గేట్ దగ్గర ఇద్దరు పాత నేస్తాలతో ఒక్క చిలుము తాగి, ఇంటికొచ్చి అన్నం తిని పడుకుంటాడు. పెళ్లయిన ఏడు నుంచీ అదే వరస. ఇంట్లో ఏనాడూ చెయ్యెత్తింది లేదు, షాపులో ఏనాడూ గీత వంకర పోయింది లేదు.

నిన్నటి నుంచీ అతని ముందు ఒక రేకు బోర్డు ఉంది, మనిషెత్తు ఉంటుంది. సంక్షేమ వారం జరుగుతోందట, దాన్ని గేటు దగ్గర నిలబెడతారట. పైన నాలుగు భాషల్లో రాత నిన్ననే అయిపోయింది. కింద బొమ్మ మిగిలింది. నమూనాగా పంపిన అచ్చుకాగితం బల్ల మీద పరిచి ఉంది. జుట్టు విరబోసుకున్న మగవాడు, చేతిలో కత్తి, కాళ్ల దగ్గర గుండెలు బాదుకుంటున్న ఆడది, పక్కన ఇద్దరు పిల్లలు. మగవాడి కళ్లలోంచి నిప్పులు రాలుతున్నాయి.

"ఇది నాటకం బోర్డా ఏటి?" అన్నాడు నూకరాజు.

పక్కన గరుకు కాగితంతో పలక రుద్దుతున్న ఏలియా నవ్వాడు. ముప్ఫై ఏళ్లవాడు, నలుగురు పిల్లల తండ్రి, ఆదివారం ఆదివారం చర్చికి పోయేవాడు. తమలపాకు కూడా నోట పెట్టడు. షాపు మొత్తంలో అందరికంటే ఎర్రటి కళ్లు మాత్రం వాడివే.

"రాసింది నువ్వే కదా మేస్త్రీ, నన్నడుగుతావేటి?"

అప్పుడే హాజరు పుస్తకం చంకన పెట్టుకొని గుమస్తా కృపారావు అటు వచ్చాడు. నూకరాజు ఆపాడు.

"బాబూ, నేనేటి రాసినానో ఓపాలి సదివి సెప్పు."

కృపారావు కళ్లజోడు సర్దుకొని చదివాడు. "గంజాయి తాగువాడు పిచ్చివాడై ఆలుబిడ్డలను నరుకును. ఎర్రని కళ్లే అతని గుర్తు. అట్టివారిని చూచిన వెంటనే పైఅధికారికి తెలుపుడు." చదివి గొంతు తగ్గించాడు. "సోమవారం డాక్టరొస్తాడు నూకరాజూ. వరసగా నిలబెట్టి కళ్లు చూస్తాడంట. ఎర్రగా ఉన్నోళ్ల పేర్లు రాసుకుంటాడంట. అన్‌ఫిట్ అంటే ఇంటికే."

ఏలియా చేతిలో గరుకు కాగితం ఆగిపోయింది.

"నా కళ్లు సూసి నా పేరు కూడా రాసేస్తారేటి? నేను బీడీ కూడా ముట్టనే!"

షాపులో ఉన్న ఇరవై రెండు మందీ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నారు.

నూకరాజు మాత్రం బల్ల మీది అచ్చుకాగితంలో కత్తిని చూస్తున్నాడు. నెలరోజులుగా సినిమాకు ముందు ఇదే బొమ్మ తెర మీద వేస్తున్నారని, కొళాయి దగ్గర ఆడవాళ్లకు ఇదే రాతతో కరపత్రాలు పంచారని విన్నాడు. వినీ పట్టించుకోలేదు. కత్తిపీటను పక్కింటివాళ్లు పట్టుకెళ్లలేదు. నర్సమ్మే దాచింది. ముప్ఫై ఏళ్లు తన పక్కన పడుకున్న మనిషి నిన్న రాత్రి తను నిద్రపోయేదాకా కాచుకొని, దాన్ని ఏ పెట్టె అడుగునో పెట్టి తాళం వేసి ఉంటుంది. ఆమెను భయపెట్టిన రాతనే తన చేత్తో, ఒక్క గీతైనా తప్పకుండా, నాలుగు భాషల్లో రాశాడు.

నూకరాజు లేచి, విప్పిన సామాన్లు పోగేసిన మూలకు వెళ్లాడు. మరమ్మతుకొచ్చిన పెట్టెల నుంచి తీసిన అద్దాలు అక్కడ గోడకానించి ఉన్నాయి. వాటిలో ఒకటి తెచ్చి బల్ల మీద నిలబెట్టాడు.

"ఏటి మేస్త్రీ, గడ్డం గీసుకుంటావా?" అన్నారెవరో.

"బొమ్మేస్తాను. నన్ను మాటాడించకండి."

మధ్యాహ్నం అన్నానికి లేవలేదు. మూడింటికి ఫోర్‌మన్ విల్‌ఫ్రెడ్ బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చేసరికి బోర్డు పూర్తయింది. కత్తి లేదు, గుండెలు బాదుకునే ఆడది లేదు. రైలుపెట్టె ముందు ఒక పొట్టి మనిషి నిలబడి ఉన్నాడు. కుడి భుజం కాస్త దిగింది. చేతిలో కుంచె, కాళ్ల దగ్గర రంగు డబ్బా. కళ్లు ఎర్రగానే ఉన్నాయి, అలసిపోయి, నిదానంగా చూస్తున్నాయి. పెట్టె మీద అంకె సగం రాసి ఉంది. పై రాత పైనే ఉంది, అక్షరం మారలేదు.

విల్‌ఫ్రెడ్ బొమ్మనూ మనిషినీ మార్చి మార్చి చూశాడు.

"ఏ క్యా హై, మ్యాన్? నేను రాక్షసుడి బొమ్మ అడిగినాను. నువ్వు నీ మొగం పెట్టినావు!"

"రాక్షసుణ్ణి నేను సూడనేదు సాబ్. సూడందాన్ని ఎలాగేస్తాను? గంజాయి తాగేవోణ్ణి సూసినాను. ఇదిగో, అద్దంలో."

షాపులో ఎవడో కిసుక్కున నవ్వాడు. విల్‌ఫ్రెడ్ ముఖం కందిపోయింది.

"నువ్వు తాగుతావని నా ముందే చెప్తున్నావా?"

"ముప్పై ఏళ్ల నుంచి తాగుతున్నాను. సర్కారు కొట్లో కొంటున్నాను. ఆ కొట్టు బోర్డు నేనే రాసినాను. అప్పుడది అమ్మకం సరుకు, ఇప్పుడు బూతమైపోయిందా? రాసుకోండి నా పేరు. ఏలియాగాడు మాత్రం ఏదీ ముట్టడు, వాడి కళ్లు నా కంటే ఎర్రన. ఇది గంజాయి కాదు సాబ్, సర్కారు రంగు." కుంచెను డబ్బాలో పెట్టాడు. "పొద్దున్నే మీ కళ్లు కూడా ఓపాలి అద్దంలో సూసుకోండి. రాత్రి మీరు తాగొచ్చే క్లబ్బుకు బోర్డు రాయమంటే అది కూడా రాసిస్తాను."

ఈసారి ఎవరూ దాచుకోలేదు, ఇరవై రెండు మందీ నవ్వారు. ఏలియా నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

విల్‌ఫ్రెడ్ బోర్డును గోడవైపు తిప్పించాడు. చాలాసేపు ఇటూ అటూ నడిచాడు. నలభై పెట్టెలు లైనులో ఉన్నాయి, సోమవారం ఇరవై రెండు జతల కళ్లు ఇంటికి పోతే వాటికి రంగు వేసేవాడు ఉండడు. ఆ సంగతి అతనికంటే బాగా తెలిసినవాడు లేడు.

"కృపారావ్, సోమవారం లిస్టులో పెయింటు షాపు కొట్టెయ్. కళ్లు ఎర్రబడ్డది రంగు వల్ల అని రాయి, నేను సంతకం పెడతాను." తర్వాత నూకరాజు వైపు చూడకుండా అన్నాడు. "ఇతని పేరు ఒక్కటే ఉంచు. ఇప్పుడే బయటికి పంపు. పిలిచేదాకా రావద్దని చెప్పు."

పిలుపు రాదని అందరికీ తెలుసు. అతను రిటైరు కావడానికి ఇంకా ఎనిమిది నెలలే ఉంది.

"ఠీక్ హై సాబ్," అన్నాడు నూకరాజు.

భుజం మీద తువ్వాలు వేసుకున్నాడు. ఏలియా మాట్లాడబోతే వద్దని చెయ్యి ఊపాడు.

"ఇంటికెళ్లి నర్సమ్మకి సెప్పుకోవాల. పిల్లలకి బువ్వెట్టినట్టు, మెల్లగా సెప్పుకోవాల. సదువురానోడు రాసిన రాతకి బయపడిపోయినావే పిచ్చిమొగమా అని."

సైరన్ మోగకముందే అతను ఒక్కడే గేటు వైపు నడిచాడు. తొందర లేకుండా నడిచాడు. మలుపు తిరిగేదాకా అతని దిగిన భుజం కనిపించింది.

షాపులో అందరూ మళ్లీ పనిలోకి వంగారు. బల్ల మీద అద్దం అలాగే నిలబడి ఉంది. దాని అంచున, నూకరాజు పట్టుకున్న చోట, బొటనవేలి ఎర్రటి ముద్ర ఇంకా పచ్చిగా మెరుస్తోంది.