కళ్ళు మూసుకుని చదివిన పిల్ల

గొంతుకు వారం రోజులు పూర్తి విశ్రాంతి ఇవ్వాలనీ, గుసగుసగా కూడా పెదవి విప్పకూడదనీ డాక్టరు కట్టడి చేయడంతో, పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్న కూతురు తల్లికి కబురు పెట్టింది. తల్లి కళాశాల గ్రంథాలయంలో జీవితమంతా పనిచేసి విరమించిన మనిషి. పుస్తకాన్ని ఎవరు చదువుతున్నారో, ఎవరు చదువుతున్నట్టు నటిస్తున్నారో దూరం నుంచే పోల్చుకోగలనని ఆమెకొక నమ్మకం. సోమవారం ఉదయం ఆ నమ్మకంతోనే వచ్చి దిగింది.

వెనక గదిలో బడి. గోడ మీద ప్రపంచ పటం. బట్టలారేసే తీగకు క్లిప్పులతో వేలాడదీసిన వాక్యాల అట్టలు. లెక్కల కోసం గాజు సీసా నిండా రకరకాల గుండీలు. కిటికీలో తడిదూది మీద మొలకెత్తుతున్న చిక్కుడు గింజ. ముందు ప్రార్థన, తరువాత పాట, తరువాత బైబిలు వాక్యం, ఆపైన చదువు. పెద్దావిడ కూడా విశ్వాసురాలే. ఈ క్రమంలో ఆమెకు తప్పేమీ కనిపించలేదు. బడికి పంపకపోవడం మీద ఒకప్పుడు కూతురితో గట్టిగానే వాదించింది. గది శుభ్రత చూశాక ఆ వాదన మళ్ళీ ఎత్తకూడదనుకుంది.

ఎనిమిదేళ్ళ మనవరాలు లేచి నిలబడి, పుస్తకం తెరిచి, ఒక పేజీ పొడుగు వాక్యభాగాన్ని తడబడకుండా చదివింది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. ఎక్కడ గొంతు తగ్గించాలో అక్కడ తగ్గించింది. మూలన కుర్చీలో కూర్చున్న కూతురు పలక మీద రాసి చూపించింది: “ఆదివారం సంఘంలో చదువుతుంది. ఇంటి చదువు మొదలుపెట్టాలనుకుంటున్న కుటుంబాలన్నీ వస్తున్నాయి.”

ఐదేళ్ళ మనవడు, ఇంట్లో అందరూ బుడంకాయ అని పిలిచేవాడు, బల్ల కింద నుంచి తల బయటపెట్టాడు.

“అక్క చదివితే చర్చిలో పాస్టరు అయ్యగారు కూడా ఏడుస్తారు, అమ్మమ్మా!”

“నువ్వు చదివితేనో?”

“నేను చదివితే నవ్వుతారు. నా పళ్ళు ఊడిపోయాయిగా.”

అందరూ నవ్వారు. కూతురు నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని నవ్వింది. పెద్దావిడ కూడా నవ్వింది కానీ, ఆఖరి పంక్తి ఇంకా మిగిలి ఉండగానే పిల్ల పేజీ తిప్పేయడం ఆమె కంట పడింది. తొందరపాటు కాబోలుననుకుంది.

మంగళవారం తన సంచిలోంచి పక్షుల పుస్తకం తీసింది. పిల్లలు ముందెన్నడూ చూడని పుస్తకం. ఆమె పద్ధతి వేరు. పైకి చదివి వినిపించదు. ఎవరికి వారు మనసులో చదువుకుని, ఏముందో తమ మాటల్లో చెప్పాలి. మొదటి పేజీ మనవరాలి ముందు పెట్టింది. పిల్ల కాసేపు పేజీ వంక చూసి, నెమ్మదిగా అడిగింది:

“అమ్మమ్మా, ప్రార్థన నిమిషం తీసుకోనా?”

“అదేమిటి?”

“మాట రాకపోతే కళ్ళు మూసుకుని అడుగుతాం. దేవుడిస్తాడు. అమ్మ పెట్టిన పద్ధతి.”

మూలన కూతురు అవునన్నట్టు తల ఊపింది. పిల్లలను కసరకుండా, కొట్టకుండా చదివించడానికి ఆమె కనిపెట్టిన ఈ పద్ధతిని సంఘంలో మరో నాలుగైదు ఇళ్ళవాళ్ళు కూడా నేర్చుకుని వెళ్ళారు. మనవరాలు కళ్ళు మూసుకుంది. అక్కకు తోడుగా ప్రార్థించడం తమ్ముడి వంతు. వాడు చేతులు జోడించి, ఒక కన్ను మూసి, రెండో కన్నుతో పేజీ చూస్తూ, ఏదో గొణిగాడు. పిల్ల కళ్ళు తెరిచింది. “వడ్రంగిపిట్ట ముక్కుతో చెట్టును తొలుస్తుంది,” అంది, పేజీ మీద ఉన్నది ఉన్నట్టుగా.

పెద్దావిడ పిల్లలిద్దరినీ మార్చి మార్చి చూసింది. ఐదేళ్ళవాడు చదివాడు. ఎనిమిదేళ్ళది విన్నది. తల్లి దాన్ని దైవానుగ్రహమనుకుంది.

“బుడంకాయా, నీ చిక్కుడు గింజ ఎండిపోతున్నట్టుంది. వంటింట్లోంచి నీళ్ళు పట్టుకురా,” అని వాణ్ణి పంపించింది. పిల్ల మళ్ళీ కళ్ళు మూసుకుంది. వంటింట్లో కుళాయి తిప్పిన చప్పుడు వినిపించి ఆగింది. పిల్ల నుదుటి మీద సన్నగా చెమట పట్టింది.

“రాలేదు, అమ్మమ్మా.”

“ఏం రాలేదు?”

“మాట.”

“కళ్ళు తెరిచి పేజీ చూడు. ఏం కనిపిస్తోంది?”

“బూడిద.”

“బూడిదేమిటే?”

“ఊరికే... బూడిదరంగు గీతలు. అవి కదులుతుంటాయి. ఎక్కువసేపు చూస్తే తల నొప్పెడుతుంది. అమ్మ ప్రార్థించుకోమంటుంది. తమ్ముడికి కళ్ళు తెరిచి ఉన్నా మాటలొస్తాయి. వాడికి నాకంటే విశ్వాసం ఎక్కువ.”

పెద్దావిడ కిటికీ వైపు చూపించింది. “ఎదురుగా మేడ మీద ఏముందో చెప్పు.”

“నీలం బకెట్టు. దాని పిడి ఊడిపోయింది.”

ఆ పిడి ఊడిన సంగతి పెద్దావిడ కళ్ళజోడుకే ఆనలేదు. సీసాలోంచి ఒక గుండీ తీసి పిల్ల అరచేతిలో పెట్టింది. “దీనికెన్ని చిల్లులు?”

పిల్ల బొటనవేలితో తడిమి, “నాలుగు,” అంది.

“తడమకు. కంటితో చూసి చెప్పు.”

పిల్లకు నవ్వొచ్చింది. “చిల్లులు కంటికెలా తెలుస్తాయి, అమ్మమ్మా! వేలికి కదా తెలిసేది!”

తాను హాస్యమాడుతున్నానని పిల్ల అనుకుంటోందని అర్థమై పెద్దావిడ ఆ గుండీని వెనక్కి తీసుకుంది. ఇన్నాళ్ళుగా ఆ చిన్న ప్రాణం మూడు అడుగుల లోపలి ప్రపంచాన్ని పొగలో చూస్తోంది. అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటోంది. మాట రానప్పుడల్లా తప్పు తన భక్తిలో ఉందని తేల్చుకుంటోంది.

కూతురు లేచి నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా పలక మీద రాసింది: “సోమవారం చూపిద్దాం. ఆదివారం అయ్యాక.”

“ఆదివారం అయ్యాకా?” పెద్దావిడ గొంతు పెంచలేదు. పెంచవలసినప్పుడు మరింత తగ్గించడం ఆమెకు గ్రంథాలయం నేర్పిన అలవాటు. “కళ్ళు కనిపించని పిల్ల చేతికి పుస్తకమిచ్చి, చదువుతోందని నలుగురికీ చూపిస్తావా? చూపించి, మీరూ ఇలాగే చెయ్యండని చెబుతావా?”

కూతురు బరబరా రాసింది: “నేను కావాలని చేశానా?”

“లేదు. అందుకే నాకు ఇంకా భయంగా ఉంది. నువ్వు చదివి వినిపించావు, అది అప్పజెప్పింది, నువ్వు మురిసిపోయావు. నీకూ దానికీ మధ్య ఎప్పుడైనా ఒక కొత్త కాగితం పెట్టావుటే? ప్రార్థించవద్దని నేననను. తలనొప్పి అన్న పిల్లను ప్రార్థనతో సరిపెట్టావు చూడు, దానికి మాత్రం ఏ దేవుడి పేరూ అడ్డుపెట్టకు.”

కూతురు పలకను బల్ల మీద బోర్లించి గదిలోంచి వెళ్ళిపోయింది.

పనిబట్టలకు అంటిన గ్రీజుతోనే భోజనానికి కూర్చున్న అల్లుడు సంగతంతా విన్నాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఇంటి చదువు భార్య శాఖ, అందులో తాను వేలుపెట్టనని చాలాకాలంగా గొప్పగా చెప్పుకునేవాడు. చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

“లిఫ్టు పైకి రాకపోతే జనం బటన్ను పదిసార్లు నొక్కుతారండీ, అత్తయ్యగారూ. మేం ఇన్నాళ్ళూ ఆ పనే చేశామన్నమాట. రేపు పొద్దున్నే వెళ్దాం.” భార్య వైపు తిరిగాడు. “నువ్వూ రా. మాట్లాడక్కర్లేదు. విను చాలు.”

కళ్ళ డాక్టరు నడివయసు ఆడమనిషి. పరీక్ష చాలాసేపు చేసింది. తీర్పు మాత్రం ముక్తసరిగా చెప్పింది. పిల్లకు దగ్గరిచూపు పుట్టుకతోనే బొత్తిగా మందగించింది. కళ్ళజోడు వెంటనే పెట్టాలి. కానీ ఇన్నేళ్ళూ మసకబొమ్మలకే అలవాటుపడిన మెదడు అక్షరాన్ని అక్షరంగా పట్టుకోవడానికి నెలలు పడుతుంది. ఎంతవరకు తేరుకుంటుందో ఇప్పుడే మాట ఇవ్వలేనంది.

“ఏ బడిలో చదువుతోంది? మొదటి ఏడాదే టీచరు కనిపెట్టి ఉండాలే!” అంది డాక్టరు, కాగితం మీద రాసుకుంటూ.

కూతురు పెదవులు ఒకసారి కదిలాయి. అల్లుడు గోడ మీది అక్షరాల పట్టిక వంక చూస్తూ నిలబడ్డాడు. “అమ్మ దగ్గర,” అంది పిల్ల గర్వంగా. డాక్టరు కలం ఆగింది. ఆ గర్వం చెవిన పడ్డాక పెద్దావిడ తన కూతురి మొహంలోకి చూడలేకపోయింది. దూషించడానికి పోగుచేసుకున్న మాటలన్నీ ఉన్నచోటే ఉండిపోయాయి.

శనివారం కళ్ళజోడు వచ్చింది. పిల్ల పేజీ మీదికి వంగి చూసి, “ఇంత చిన్నవా!” అని బిత్తరపోయింది. ఇన్నాళ్ళూ తనకు కనిపించిన మరకలే అక్షరాలనుకుందిట. సాయంత్రానికి ఒక్క మాట కూడబలుక్కుంది, అదీ తప్పుగా. బుడంకాయ అందించబోతే తండ్రి వాడి నోరు అరచేత్తో మూశాడు.

ఆదివారం మందిరంలో వరసలన్నీ నిండాయి. చంకన పిల్లలతో వచ్చిన కొత్త కుటుంబాలు ముందు వరసల్లో కూర్చున్నాయి. కూతురు ముందే అయ్యగారికి అంతా రాసి ఇచ్చింది. అది చదివిన అయ్యగారు తలవంచుకున్నారు. పక్కనున్న సంఘపెద్ద మాత్రం కంగారుపడి దగ్గరికొచ్చాడు.

“అమ్మా, ఇంతమందిని పిలిచాం. పిల్లకు అంతా కంఠస్థమే కదా! పుస్తకం తెరిచి పట్టుకోమనండి. ఎవరికి తెలుస్తుంది? ఫోటో కూడా బాగుంటుంది. కళ్ళజోడు వల్ల ఇంకా చదువుకున్నదానిలా ఉంది.”

పెద్దావిడ తన చెవులను తానే నమ్మలేకపోయింది. తెల్లటి చొక్కా, శుభ్రంగా దువ్విన తల, చేతిలో వాక్యగ్రంథం. పిల్ల మేలు కోరుతున్నానన్న తృప్తి ఆ మొహం నిండా ఉంది. ఏదో అనబోయింది. ఆమెకంటే ముందు, వారం రోజులుగా మూగపోయిన గొంతొకటి, బొంగురుగా, సగం గాలితో పలికింది.

“అది చదవదండీ,” అంది కూతురు. “దానికి చదవడం రాదు. నేను నేర్పలేదు.”

సంఘపెద్ద వెనకా ముందూ చూసి, “కాస్త మెల్లగా, అమ్మా, అందరూ వింటున్నారు,” అన్నాడు.

“వినాలనే.” కూతురు ముందు వరసల వైపు తిరిగింది. ఆ కుటుంబాలవాళ్ళు మాటలాపి ఆమెనే చూస్తున్నారు. దగ్గు తెర వచ్చి ఆగింది. గొంతు పట్టుకుని, వేదిక మెట్ల దగ్గరే నిలబడి, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.