కాఫీ యంత్రం పక్కన కాగితం

ఆ మంగళవారం పొద్దున మార్లిస్ చెయ్యాల్సినవి: అత్తగారి మాత్రలు వారానికి సరిపడా డబ్బాలో సర్దడం, భర్త డ్వేన్‌కి శాండ్‌విచ్ కట్టడం, దారిలో డోనట్లు కొనడం, అందరూ వచ్చేలోగా ఫ్యాక్టరీలో కాఫీ పెట్టడం, నలభై మంది బీమా ఫారాలకూ పిన్ను కొట్టడం, కాఫీ యంత్రం పక్కన ఆ కాగితం అంటించడం.

చివరి పని దగ్గర చెయ్యి ఆగింది.

చెర్రీలు డబ్బాల్లో నింపే ఆ ఫ్యాక్టరీలో ఆఫీసు పనంతా ఇరవై రెండేళ్లుగా ఆమెదే. మిషిగన్‌లో కొత్త చట్టం వచ్చాక గర్భస్రావం ఖర్చు మామూలు ఆరోగ్య బీమాలో రావడం లేదు. యజమాని దాన్ని ముందే విడిగా కొనాలి. నెల తప్పాక అడిగితే కుదరదు. కావాల్సినవాళ్లు పేర్లు రాయాలంటూ యజమాని బ్రౌవర్ నిరుడు ఒక కాగితం పెట్టించాడు, సరిగ్గా తన గది గుమ్మానికి ఎదురుగా. వారం తర్వాత అది తెల్లగానే తిరిగొచ్చింది. "చూశావామ్మా, మనవాళ్లెవరికీ అక్కర్లేదు" అన్నాడు. ఆమె దాన్ని ఫైల్లో పెట్టేసింది.

ఫిబ్రవరిలో ప్యాకింగ్‌లో పనిచేసే కెల్సీకి అయిదో నెల. ఉయ్యాల కూడా కొనుక్కుంది. బిడ్డకి పుర్రె ఏర్పడలేదనీ, పుట్టినా బతకదనీ స్కానింగులో తేలింది. గర్భస్రావం ఖర్చు ఇవ్వలేమని బీమా కంపెనీ రాసిన ఉత్తరం పట్టుకుని కెల్సీ మార్లిస్ బల్ల ముందు నిలబడింది. "నేను అప్పుడు పేరు రాసుండాల్సిందా అండీ? నాకు బిడ్డ కావాలనే కదా ఉంది. ఇలాంటిది వస్తుందని ముందే ఎవరు రాస్తారు?" కారు అమ్మి వైద్యం చేయించుకుంది. మళ్లీ పనిలోకి రాలేదు. ఆ కాగితం అంటించిన చెయ్యి తనదేనన్నది మార్లిస్‌ని వదల్లేదు.

ఈ ఏడు ఆ కాగితం తనే మళ్లీ అంటించి, మొదట తన పేరే రాస్తానని నిన్న ఇంట్లో భోజనాల దగ్గర చెప్పింది. "యాభై ఏడేళ్లొచ్చాయి, నీకెందుకే ఆ గొడవ? చర్చిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు డ్వేన్. "అవన్నీ ఆలోచించడానికి మీ ఆఫీసులో మగాళ్లు లేరూ?" అంది అత్తగారు. మార్లిస్ ప్లేట్లు తీసింది. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో తన జవాబు అదే.

ఇప్పుడు కాగితం అంటించి, మొదటి వరసలో తన పేరు పూర్తిగా రాసింది.

కాఫీకి వచ్చిన ఫోర్‌మన్ పకపకా నవ్వాడు. "ఏంటి మార్లిస్, ఈ వయసులో శుభవార్తా?"

"నాకు కాదులే. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలున్నారుగా నీకు, వాళ్ల కోసం."

అతని నవ్వు ఆగిపోయింది. బ్రౌవర్ గుమ్మంలోకి వచ్చాడు. "ఇదేంటమ్మా?"

"ఈసారి తెల్లగా రాదండీ" అంది. పెన్నుకి దారం కట్టి అక్కడే వేలాడదీసింది.

మధ్యాహ్నానికి ఆమె పేరు కింద ఇంకో రెండు చేరాయి. బ్రౌవర్ చేత ఆ బీమా కొనిపించడానికి అవి చాలుతాయో లేదో ఆమెకి తెలీదు. కెల్సీ పేరు మాత్రం ఆ కాగితం మీద ఎప్పటికీ ఉండదు. ఆ పేరు మీరు గుర్తుపెట్టుకోండి.